స్త్రీల వేషధారణము - వ్యక్తిత్వము



స్త్రీల వేషధారణమును గూర్చి మాటాడుటకు నేను పూనుకొంటినని వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. చీరలు, రవికలు, నగలు అను మాటలు చెవిని బడిన వెంటనే ఇది తీరికవేళల ముచ్చట యని పలువురి తలంపు. ఏటేట మారిపోవు ఫ్యాషనులను గూర్చి నేను చెప్పబోవుట లేదు. ఒకానొక స్త్రీ తనకై తాను కల్పించుకొన్న వేషము ఆమె అనంతరము కూడ నిలిచియుండుటకు హేతువేమి? ఇదియే నా ప్రశ్న. ధనమా? రూపమా? ఆ రెండును ఉండియు మరుపున బడినవారు లెక్కకు మిక్కిలిగా నున్నారు.

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో పుట్టినది కాదు. మా అమ్మ కుడిచేయి చిన్ననాట పొయ్యికడ కాలినది. మోచేతినుండి మణికట్టు వరకు చర్మము ముడుతలు పడియుండెను. అందువలన ఆమె మణికట్టు దాక చేతులున్న రవికలు కుట్టించుకొని, వాని అంచులకు రంగుదారముతో సన్నని కుట్టుపని చేసికొనెడిది. మా ఊర అందరును పొట్టిచేతుల రవికలు తొడుగు దినములవి. పెండ్లిండ్లలో ఆడువారు ఆమెను చూచి నవ్వుకొనెడివారు. నేనును సిగ్గుపడి, "అందరి అమ్మలవలె నీవును పొట్టిచేతుల రవిక తొడుగుకొనరాదా?" యని ఒకనాడు అడిగితిని. ఆమె కోపపడలేదు. "నా చేయి అందరి చేయివంటిది కాదు గదా, తల్లీ" అనెను. ఆ మాట అర్థము నాకు చాల కాలమునకు గాని బోధపడలేదు. ముగ్గురు స్త్రీల జీవితములను చదివిన పిదప బోధపడినది.

మొదటి యామె వంగదేశపు జ్ఞానదానందినీ దేవి. 1850లో జన్మించి 1941లో మరణించెను. ఐ.సి.యస్. పరీక్షయందు నెగ్గిన మొట్టమొదటి భారతీయుడగు సత్యేంద్రనాథ ఠాకూరు ఆమె భర్త. రవీంద్రనాథుడు ఆమె మరిది. 1864లో భర్త ఉద్యోగమునకై బొంబాయి రాజధానికి బయలుదేరుచు ఆమెను వెంట గొనిపోవ నిశ్చయించెను. అప్పుడు చిక్కు వచ్చినది. ఏమి కట్టుకొని పోవలెను? ఆ కాలమున వంగదేశపు గొప్పయిండ్ల అంతఃపురములలో స్త్రీలు రవికగాని లోపావడగాని లేక ఒంటిచీర చుట్టుకొనెడివారు. గడప దాటనివారికి అది చాలును. పరుల నడుమ తిరుగవలసినవారికి చాలదు. ఒక ఫ్రెంచి దుకాణమున ప్రత్యేకముగా ఉడుపు కుట్టించిరి గాని, దానిని తనంతట తాను తొడుగుకొనుటయే ఆమెకు కష్టమాయెను.

బొంబాయిలో ఆమె పారశీక స్త్రీల చీరకట్టును శ్రద్ధతో గమనించెను. వారు పైటను కుడిభుజముమీదికి తెచ్చుకొందురు. ఆమె దానిని ఎడమభుజమునకు మార్చెను; కుడిచేయి పనికి తీరికగా నుండవలెను గదా! దానికి రవికను, లోపావడను చేర్చెను. 1866లో కలకత్తాయందు రాజప్రతినిధి ఇంటి విందునకు ఆమె పోగా, ఠాకూరు వంశపు పెద్ద యొకరు తమ ఇంటికోడలిని పదిమందిలో చూడలేక సిగ్గుతో వెడలిపోయిరని చెప్పుదురు. ఆమె వెనుదీయలేదు. కోరినవారికి ఈ కట్టు నేర్పెదనని పత్రికలో ప్రకటించెను. మొదట బ్రాహ్మసమాజ స్త్రీలును, క్రమముగా ఇతరులును దానిని గైకొనిరి. మన తెలుగునాట గోచికట్టు మొదలగు రీతులు వేరుగా నుండెడివి. ఐనను నేడు మన ఆడపడుచులు కార్యాలయములకు పోవునపుడు లోపావడపై కుచ్చెళ్ళు పోసి, ఎడమభుజముమీద పైట వేసి కట్టు చీరకును, ఆమె కట్టునకును దగ్గరి పోలిక కలదు.

రెండవ యామె ఫ్రాన్సుదేశపు గాబ్రియేల్ షనేల్. కోకో యను పేర లోకప్రసిద్ధురాలు. 1883లో పేదయింట పుట్టి, తల్లి మరణించిన పిదప క్రైస్తవ సన్యాసినుల ఆశ్రయమున పెరిగెను. ఆ కాలపు సంపన్న స్త్రీలు నడుము బిగించు కట్లతో ఊపిరాడక యుండెడివారు. షనేల్, పురుషుల లోదుస్తులకు వాడెడి జెర్సీ యను మెత్తని అల్లికగుడ్డను తీసికొని, తాను ధరించి, ఇతరులకును కుట్టెను. 1914లో మొదలైన మహాయుద్ధమున స్త్రీలు పనులకు వెడలవలసివచ్చినపుడు ఆ వదులు దుస్తులకు ఆదరము హెచ్చెను. 1926లో ఆమె సాదా నల్లగౌనును ఒక అమెరికా పత్రిక ఫోర్డు మోటారుకారుతో పోల్చెను. రెండవ యుద్ధకాలమున పారిసును ఆక్రమించిన జర్మనుల అధికారితో ఆమెకు గల సంబంధము నేటికిని నిందకు గురియగుచున్నది. దానిని దాచి ఆమెను పొగడరాదు. కాని కదలుటకు వీలైన దుస్తు అందమునకు లోటు కాదని ఆమె చూపినది మాత్రము నిలిచినది.

మూడవ యామె మెక్సికోదేశపు చిత్రకారిణి ఫ్రీదా కాలో. 1907లో జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున పోలియో సోకి కుడికాలు సన్నబడెను. 1925 సెప్టెంబరులో ఆమె ఎక్కిన బస్సును ట్రాము ఢీకొనగా వెన్నెముక, కటి, కాలు విఱిగెను. అటుపిమ్మట జీవితమంతయు శస్త్రచికిత్సలు, ప్లాస్టరు కవచములు, ఉక్కుకట్లు. ఆమె తన దేశమునందలి తెహువాంతెపెక్ ప్రాంతపు స్త్రీల ఉడుపును ఎన్నుకొనెను. ఆ స్త్రీలు అంగళ్ళలో వ్యాపారము నడుపుచు స్వతంత్రురాండ్రని పేరుగన్నవారు. నేల జీరాడు పావడ ఆ సన్నని కాలిని కప్పెను. నలుచదరముగా కుట్టిన వదులు రవిక కవచముమీద ఒత్తిడి లేక నిలిచెను. జడలలోని పువ్వులు, మెడలోని బరువైన పూసలు చూపరుల దృష్టిని మొగమువైపు త్రిప్పెను. దాచుట యొక్కటే ఆమె ఉద్దేశమని తలపరాదు. ఆ ప్లాస్టరు కవచములమీద తానే బొమ్మలు వ్రాసికొనెను. 1953లో కుడికాలిని మోకాలి దిగువ తొలగించినపుడు, కృత్రిమపాదమునకు కుట్టుపనియు మువ్వలును గల ఎఱ్ఱతోలు బూటు తొడిగించుకొనెను.

1954లో ఆమె మరణించెను. చిత్రకారుడైన ఆమె భర్త దియేగో రివేరా కోరికపై ఆమె వస్తువులున్న గది మూయబడి, 2004లో గాని తెరువబడలేదు. అందు సుమారు 300 దుస్తులు బయల్పడెను. 2018లో లండనునందలి విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియములో వానిలో పెక్కింటిని ప్రదర్శించిరి. ఆ ఎఱ్ఱబూటు కాలును అందుండెను. దాని ఛాయాచిత్రమును చూచినపుడు నాకు మా అమ్మ చేయి జ్ఞప్తికి వచ్చినది.

ఈ మువ్వురిలో ఒకరు గడప దాటవలసియుండెను. ఒకరు కట్లు విప్పుకొని కదలవలసియుండెను. ఒకరు బాధను మోయుచు తలయెత్తి నిలువవలసియుండెను. అవసరము ముందు వచ్చినది; అందము దాని వెంట వచ్చినది. అందుచేతనే అది నిలిచినది. నేడు ఫ్రీదా పువ్వులను సంచులమీద అచ్చువేసి అమ్ముచున్నారు. ఆ పువ్వులు మనము తలలో తుఱుముకొన్నంత మాత్రమున ఆమె ధైర్యము మనకు రాదు. మన బ్రతుకునకు ఏది కావలెనో మనమే తెలిసికొని, నలుగురు నవ్వినను దానినే ధరించుట ఆమెనుండి నేర్వదగినది. ఒక స్త్రీ వింతవేషమున కనబడినపుడు, నవ్వుటకు ముందు, దాని వెనుక ఏ అవసరమున్నదో యని ఒక క్షణ మాలోచించుట చూచువారు నేర్వదగినది.

కొన్నేండ్లకు మా వీధిలోని పడుచులిద్దరు దర్జీకడకు పోయి, మా అమ్మ రవిక చేతులవంటి చేతులు తమకును కుట్టుమని అడిగిరట. ఆ సంగతి విని అమ్మ నవ్వెనే గాని, తన చేతి మాట వారికి చెప్పలేదు. ఆమె ఇప్పుడు లేదు. ఆమె రవిక యొకటి మా పెట్టెలో నున్నది. ఒకనాడు తొడిగి చూచితిని, నాకు సరిపోలేదు. సరిపోవలసిన పనియు లేదు. అది ఆమె చేతికై కుట్టినది.