కారు కొన్న రోజే తేలిపోయిన లెక్క

(రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి మాట్లాడుతున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను పన్నుల నిపుణుణ్ణి కాను, సీపీఏని అసలే కాను. ఐటీ కన్సల్టెంటుని. కంప్యూటర్ల పని చేసేవాడికి పన్నుల సాఫ్ట్‌వేర్ కూడా వచ్చే ఉంటుందని మనవాళ్ళకి గట్టి నమ్మకం. అందుకే ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్లలో ఈ మధ్య ఎక్కువగా వినిపించిన ప్రశ్న ఎలక్ట్రిక్ కార్ల పన్ను క్రెడిట్ గురించి.

"అది ఎత్తేశారు కదా, ఇంకా దాని గురించి మాటలెందుకు?" అంటారేమో. ఎత్తేసిన మాట నిజమే. 2025 జులై 4న ఆ చట్టం మీద సంతకం పడింది. ఆ రోజు మన డెట్రాయిట్ తెలుగువాళ్ళలో చాలామంది నోవైలో తానా మహాసభల్లో ఉన్నారు. భోజనాల వరసలో ప్లేటు పట్టుకుని నిలబడి, కారు ఇప్పుడే కొనేద్దామా ఆగుదామా అని చర్చించుకున్నవాళ్ళని నేనే చూశాను. ఆ చట్టం ప్రకారం 2025 సెప్టెంబరు 30 తర్వాత కొన్న కార్లకి క్రెడిట్ లేదు. కానీ ఆ తేదీలోపు కొన్నవాళ్ళు 2025 రిటర్నులో లెక్క చెప్పాలి. వాళ్ళలో కొందరు 2026 రిటర్నులో చెప్పాల్సివస్తుంది. అదెలాగో తర్వాత చెబుతాను.

ఈ క్రెడిట్‌కీ మన ప్రాంతానికీ దగ్గర చుట్టరికం ఉంది. నిస్సాన్ టెక్నికల్ సెంటరు మా ఊళ్ళోనే ఉంది, బాష్ ఆఫీసూ ఇక్కడే ఉంది. 2008లో ఈ క్రెడిట్ పెట్టాక దాన్ని అందుకున్న తొలి కార్లలో షెవ్రొలే వోల్ట్ ఒకటి. అది 2010 నుంచి డెట్రాయిట్-హామ్‌ట్రామ్క్ ఫ్యాక్టరీలో తయారైంది. అప్పట్లో ఒక్కో కంపెనీకి 2 లక్షల కార్ల పరిమితి ఉండేది. టెస్లా, జనరల్ మోటార్స్ రెండూ 2018లో ఆ గీత దాటాయి. ఆ తర్వాత క్రెడిట్ సగానికి, అందులో సగానికి తగ్గి 2020లో సున్నాకి వచ్చింది. 2022 ఆగస్టు 16న వచ్చిన కొత్త చట్టం ఆ కథంతా తిరగరాసింది. 2023 జనవరి నుంచి కంపెనీ పరిమితి పోయింది. దాని బదులు కొనేవాడి ఆదాయం, కారు ధర, బిగించిన చోటు, బ్యాటరీలోని ఖనిజాలు ఎక్కడివి అన్నవి వచ్చిపడ్డాయి. కొత్త కారుకి గరిష్ఠం 7,500 డాలర్లు, పాత కారుకి 4,000. 2024 జనవరి నుంచి ఇంకో సౌకర్యం కూడా ఇచ్చారు. ఏప్రిల్ దాకా ఆగక్కర్లేకుండా ఆ డబ్బుని డీలరుకే బదలాయించి, కారు ధరలో అక్కడికక్కడే తగ్గించుకునే వీలుండేది.

చిక్కులు ఎక్కువగా వచ్చింది ఈ సౌకర్యంతోనే. డీలరు దగ్గర 7,500 తగ్గింది కాబట్టి ఇక పన్నుతో పనిలేదని చాలామంది అనుకున్నారు. పని ఉంది. డీలరు దగ్గర తీసుకున్నది అడ్వాన్సు లాంటిది. మీకు అర్హత ఉందో లేదో రిటర్నులో 8936 అనే ఫారం నింపి, దానికి కారు వివరాలున్న ఎ షెడ్యూలు జోడించి చెప్పాలి. ఆదాయం పరిమితి దాటితే ఆ డబ్బు తిరిగి కట్టాలి. మీరు చెప్పకపోతే సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. దానికి మీ డబ్ల్యూ-2 తెలుసు, బ్యాంకు వడ్డీ తెలుసు. మీ గరాజ్‌లో ఏ కారుందో తెలియదు.

పన్నుల సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, దాన్ని నేను వెనకటి ఊరి కరణం దగ్గర రాసే గుమాస్తాతో పోలుస్తాను. రాత ముత్యాల్లా ఉంటుంది, కూడికలు తప్పవు. కానీ మీరు ఏది చెబితే అదే రాస్తాడు. పొలం ఎవరిదో అతను వెళ్ళి చూడడు.

మా మిత్రుడొకాయన సంగతి చెబుతాను. పేరు చెప్పవద్దన్నారు, సంగతి మాత్రం పదిమందికీ చెప్పమన్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. 2025 మార్చిలో ఒక ఈక్వినాక్స్ ఎలక్ట్రిక్ కారు కొన్నారు. 7,500 డీలరు దగ్గరే తగ్గించుకున్నారు. ఆగస్టులో ఆయన ఉద్యోగం పోయింది. కంపెనీ కొన్ని నెలల జీతం చేతిలో పెట్టి పంపింది. వాడుకోని సెలవులకి డబ్బిచ్చారు, షేర్లు కొన్ని ఆయన పేర పడ్డాయి. ఉద్యోగం పోయిన ఏడాదే ఆదాయం పెరిగింది! లేఆఫ్ అయిన చాలామందికి ఇది అనుభవమే. పైగా అలాంటి మొత్తాల మీద కంపెనీలు మామూలుగా 22 శాతమే పన్ను పట్టుకుంటాయి. వీళ్ళేమో 24 శాతం మెట్టు మీద ఉన్నారు. ఎలాగూ కొంత కట్టాల్సి ఉంది.

ఫిబ్రవరిలో రిటర్ను వేయడానికి కూర్చుంటే 2025 ఆదాయం 3,31,000 డాలర్లు తేలింది. జంటగా ఫైలు చేసేవాళ్ళకి కొత్త కారు క్రెడిట్‌కి పరిమితి 3,00,000. సాఫ్ట్‌వేర్ నిమ్మకు నీరెత్తినట్టు 7,500 తిరిగి కట్టమంది. ఆయనకి అప్పటికి ఆరు నెలలుగా ఉద్యోగం లేదు. 401(కె)లోంచి తీద్దామని నిర్ణయించుకుని, దాని మీద పడే పది శాతం జరిమానా ఎంతో లెక్కవేయమని నాకు ఫోను చేశారు. "తమ్ముడూ, ఇంటి వాయిదా ఒకటి ఆలస్యం చేస్తే ఏమవుతుందంటావు?" అని కూడా అడిగారు. ఆ మనిషి నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఆదాయ పరిమితికి కారు తీసుకున్న ఏడాది ఆదాయం, అంతకుముందు ఏడాది ఆదాయం, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాన్ని చూస్తారు. 2024లో మీ ఆదాయమెంత అని అడిగాను. "సాఫ్ట్‌వేర్ అదీ అడిగింది, 3,26,000 అని వేశాను. అదీ దాటింది" అన్నారు. ఆ అంకె ఎక్కడిదన్నాను. ఇద్దరి డబ్ల్యూ-2లూ కలిపానన్నారు. సరే, 2024 రిటర్ను కూడా తీసి పెట్టుకోండని చెప్పి బయల్దేరాను.

వెళ్ళి చూస్తే ఆయన కలిపింది ఐదో గడిలోని అంకెలు. అది మెడికేర్ జీతం, అంటే 401(కె) తీసెయ్యకముందు మొత్తం. మనవాళ్ళని ఆదాయమెంత అంటే ప్యాకేజీ చెబుతారు. పెళ్ళిచూపుల్లో అది సరిపోతుందేమో గానీ ఇక్కడ అడిగేది వేరే అంకె. 1040 ఫారంలో 11వ వరుస చూడాలి. 2024లో ఇద్దరూ 401(కె)లో చెరో 23,000 పూర్తిగా వేశారు. 3,26,000లోంచి 46,000 పోతే 2,80,000. బ్యాంకు వడ్డీ 4,000 కలిపితే 2,84,000. ఆ 11వ వరుసలో అచ్చం అదే ఉంది. ఆ అంకె మార్చి వేశాం. తెర మీద తిరిగి కట్టాల్సిన 7,500 మాయమైంది. వాళ్ళావిడ వంటింట్లోంచి వచ్చి, మళ్ళీ ఒకసారి వేసి చూపించమన్నారు. చూపించాం. 401(కె) జోలికి వెళ్ళలేదు. మిగతా పన్ను దాచుకున్న డబ్బులోంచి కట్టారు.

అందుకే నేను చెప్పేదేమిటంటే, సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్నలకి జవాబులిచ్చి ఊరుకోకండి. పంపేముందు అసలు ఫారం తెర మీద తెరిచి చూడండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ సౌకర్యం ఎక్కడో ఒక మూల ఉంటుంది. 8936 మొదటి భాగంలో రెండేళ్ళ ఆదాయాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇండియాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, హైదరాబాదు ఫ్లాటు అద్దె కూడా ఇక్కడి ఆదాయంలో చేరేవేనని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. విదేశంలో సంపాదించిన జీతాన్ని 2555 ఫారంతో మినహాయించుకున్నవాళ్ళు ఈ పరిమితి చూసేటప్పుడు దాన్ని మళ్ళీ కలపాలి. పాత కార్లకి పరిమితులు సగమే. జంటకి 1,50,000, ఒంటరివాళ్ళకి 75,000.

ఇక కాగితం సంగతి. 2024 నుంచి డీలరు కారు అప్పగించిన మూడు రోజుల్లోగా ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో అమ్మకం వివరాలు నమోదు చెయ్యాలి. అది అంగీకారం పొందాక ఆ నివేదిక కాపీ ఒకటి కొన్నవాళ్ళకి ఇవ్వాలి. అందులో మీ పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, కారు విన్ నంబరు, క్రెడిట్ ఎంతో ఉంటాయి. కొనుగోలు ఒప్పందం వేరు, ఇది వేరు. ఆ నమోదు జరగకపోతే సాఫ్ట్‌వేర్ ఎంత చక్కగా నింపినా ఫలితం లేదు. నివేదికలో ఎవరి నంబరుంటే క్రెడిట్ వాళ్ళది. బావమరిది పేరు మీద కారు కొని బావగారి రిటర్నులో వేసుకుంటామంటే కుదరదు. విన్ నంబరు ఎక్కించేటప్పుడు ఒక చిన్న కిటుకు. పదిహేడు అక్షరాల్లో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ ఎప్పుడూ ఉండవు. గుండ్రంగా కనిపించింది సున్నాయే.

పాత కారు కొన్న మరొకరికి పూర్తిగా పోయింది. ధర 25,000 దాటకూడదని నియమం. ఆయన బేరమాడింది 24,850. డీలరు కాగితాల రుసుమని ఇంకో 260 వేశాడు. ప్రభుత్వ పన్నూ రిజిస్ట్రేషనూ ధరలో కలవవు గానీ డీలరు సొంతంగా వేసుకునే రుసుము కలుస్తుంది. 25,110 అయింది. 110 డాలర్ల దగ్గర 4,000 ఆగిపోయింది. దీనికి ఫిబ్రవరిలో చేయగలిగింది ఏమీ లేదు. కారు కొన్న రోజు, ఆ బల్ల దగ్గరే చూసుకోవాల్సింది.

రిటర్నులోనే క్రెడిట్ తీసుకుందామని ఆగినవాళ్ళకి ఇంకో సంగతి. ఇది కట్టాల్సిన పన్నుని సున్నా దాకా తగ్గిస్తుంది, సున్నా కిందకి దిగి చేతికి డబ్బివ్వదు. పిల్లల్లేని ఒక జంట జీతం 95,000 అనుకోండి. 2025కి స్టాండర్డ్ డిడక్షను 31,500 పోతే 63,500. దాని మీద పన్ను సుమారు 7,143. క్రెడిట్ 7,500లో సుమారు 357 డాలర్లు గాల్లో కలుస్తాయి, వచ్చే ఏడాదికి కూడా జరగవు. అదే డీలరుకి బదలాయించి ఉంటే మొత్తం దక్కేది, పన్ను తక్కువైందని తిరిగి అడగరు. తక్కువ జీతాలవాళ్ళకి బదలాయింపే మేలని ఎవరూ గట్టిగా చెప్పలేదు. నాకైతే చట్టంలో ఇది కాస్త అన్యాయమే అనిపిస్తుంది. ఒకే కారు, ఒకే జీతం, సంతకం పెట్టిన కాగితాన్ని బట్టి డబ్బు మారుతుంది.

2026 సంగతి చెబుతానన్నాను కదా. సెప్టెంబరు 30లోపు కట్టుబడే రాతపూర్వక ఒప్పందం చేసుకుని, కొంత డబ్బో పాత కారో ఇచ్చి ఉంటే, అది కొన్నట్టే లెక్క. కానీ క్రెడిట్ అడగాల్సింది కారు చేతికొచ్చిన ఏడాది రిటర్నులో. ఆ కారు 2026 జనవరిలో ఇంటికొస్తే 2025 రిటర్నులో దాని ఊసే ఎత్తకూడదు. ఒప్పందం, డబ్బు కట్టిన రసీదు జాగ్రత్త చేసుకోండి.

లీజుకి తీసుకున్నవాళ్ళకి ఇందులో ఏమీ లేదు, ఆ క్రెడిట్ లీజు కంపెనీది. ఇంట్లో చార్జరు పెట్టించుకున్నవాళ్ళు 8911 ఫారం చూడండి. ఖర్చులో 30 శాతం, గరిష్ఠం 1,000 డాలర్లు, అదీ 2026 జూన్ 30లోపు పెట్టించినదానికే. పైగా మీ ఇల్లున్న సెన్సస్ ట్రాక్టుకి అర్హత ఉండాలి. వీధి మారితే జవాబు మారవచ్చు. కొత్త చట్టం కారు అప్పు వడ్డీకి 2025 నుంచి 2028 దాకా ఒక మినహాయింపు ఇచ్చింది, ఏడాదికి 10,000 డాలర్ల దాకా. కొత్త కారై ఉండాలి, అప్పు 2024 తర్వాతదై ఉండాలి, జంట ఆదాయం 2,00,000 దాటితే తగ్గుతూ పోతుంది. క్రెడిట్‌కి ఉత్తర అమెరికాలో ఎక్కడ బిగించినా సరిపోయేది. దీనికి మాత్రం అమెరికాలోనే బిగించి ఉండాలి. మా మిత్రుడి ఈక్వినాక్స్ మెక్సికోలో తయారైంది, విన్ నంబరు 3తో మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ ప్రశ్నా అడిగింది. ఈసారి ఆయన గరాజ్‌లోకి వెళ్ళి, అద్దం దగ్గరున్న నంబరు చూసొచ్చి, కాదు అని నొక్కారు.

రిటర్ను ఇప్పటికే పంపేసినవాళ్ళు కంగారుపడకండి. సవరించడానికి 1040-ఎక్స్ ఫారం ఉంది, మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది. డీలరు నివేదిక దొరక్కపోతే కొన్నచోటికే ఫోను చేసి అడగండి. ఆదివారం మాత్రం చెయ్యకండి, మన కౌంటీలో ఆ రోజు కార్ల దుకాణాలు తెరవరు.