ఊరికి కూడా అష్టబంధనము

(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సభలో ప్రధానార్చకులు చేసిన ప్రసంగ పాఠము)





మల్కాజిగిరిలోని మన శివాలయ జీర్ణోద్ధరణ సంపూర్ణమై, కుంభాభిషేకము జరుగుచున్న ఈ శుభవేళ నన్ను కూడా నాలుగు మాటలు చెప్పవలసినదిగా కమిటీ పెద్దలు ఆదేశించినారు. స్వామివారి మహిమను గూర్చి పెద్దలు ఇదివరకే సెలవిచ్చి యున్నారు. నేను ఈ ఆలయము నిలిచిన పేటను గూర్చి మనవి చేసికొందును. దేవుడు గుడిలో ఉన్నాడు, గుడి ఊరిలో ఉన్నది. ఊరి సంగతి మరచి గుడిని మాత్రమే బాగుచేసికొంటే ఆ పని సగమే అగును.

మల్లికార్జునగిరి అను పేరే వాడుకలో మల్కాజిగిరి అయినదని పెద్దలు చెప్పుకొందురు. ఒకవైపు మౌలాలి గుట్ట, దానిపై కుతుబ్‌షాహీల కాలమునాటి దర్గా. మరియొకవైపు సఫిల్‌గూడ చెరువు, ఆ కట్టపై కొలువున్న కట్టమైసమ్మ తల్లి. ఇంకొక దిక్కున బండచెరువు. ఒకప్పుడిది నగరమునకు వెలుపలి పల్లె. దీనిని పేటగా మార్చినది రైలు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చినది. 1893లో లాలాగూడ రైల్వే కర్మాగారము వెలసినది. తరువాత మన్మాడ్ వైపు పోవు దారి మన ఊరి మీదుగానే వేసినారు. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. మరుసటి ఏడే ఇ.సి.ఐ.ఎల్. సంస్థ నెలకొన్నది. ఈ ఉద్యోగములను నమ్ముకొని ఎక్కడెక్కడివారో ఇచటికి వచ్చినారు. ప్రావిడెంటు ఫండు అప్పు తీసికొని స్థలము కొన్నవారు, గోడలు లేపి రేకులు కప్పుకొని గృహప్రవేశము చేసినవారు, స్లాబు మాట పిల్లల చదువులైన తరువాత చూచుకొందమన్నవారు. మన ఆలయమును నిలిపినది అట్టి చిన్న జీతగాండ్రే. నెల మొదట జీతము అందగానే ఐదో పదో గుడికని తీసిపెట్టినారు. ఆదివారములు తామే ఇటుకలు మోసినారు.

నేను 1985లో సహాయార్చకునిగా ఇచటికి వచ్చితిని. ఆనాడు తెల్లవారుజామున నా ప్రథమ దర్శకులు రాత్రి డ్యూటీ దిగి వచ్చిన డ్రైవర్లు, గార్డులు. చేతిలో టిఫిను డబ్బా, కంటిలో నిద్ర. తీర్థము పుచ్చుకొని ఇంటికి పోయి పడుకొనెడివారు. శ్రీరామనవమి పందిటిలో పానకము కలుపువారొక వీధివారు, వడపప్పు నానబెట్టువారు మరొక వీధివారు. తమిళుల ఇండ్లలో బొమ్మల కొలువునకు పిలుపు వచ్చెడిది. సద్దుల బతుకమ్మనాడు ఆడబిడ్డలు పళ్ళెములు పట్టుకొని చెరువుకు నడిచెడివారు. ఆషాఢమున బోనమెత్తని ఇల్లు అరుదు. ఎవరింట శుభము జరిగినను, అశుభము జరిగినను వీధికంతటికి తెలిసెడిది.

ఇక నా పొరపాటొకటి చెప్పుకోవలెను. ఆలయ ఆవరణలో చేదబావి ఉండెడిది. బోరు వేసినప్పుడు, బావి పూడ్చి చోటు విశాలము చేయుదమా అని అప్పటి పెద్దలు అడుగగా, సరేనన్నవాడను నేనే. కొన్ని ఏండ్లకే బోరు ఎండినది. ఆ వేసవి స్వామి అభిషేకమునకు నీరు లేదు. వెనుక వీధిలో పెన్షనుపై బ్రదుకు ఒక తల్లి, ట్యాంకరు వద్ద వరుసలో నిలిచి తాను పట్టుకొన్న నీటిలో నుండి ప్రతిదినము రెండు బిందెలు తెచ్చి యిచ్చినది. వద్దమ్మా అంటిని. "అయ్యగారూ, గిన్నెలు రేపైనా తోముకుంటాను. స్వామికి తడి తప్పరాదు" అన్నది. ఆమె నేడు లేదు. ఆ యింటి స్థానమున ఐదంతస్తుల భవనమున్నది. మన శిలాఫలకముపై ఆమె పేరు లేదు. లక్షలిచ్చిన దాతల ఔదార్యమును తక్కువ చేయుట నా అభిమతము కాదు. ఆ రెండు బిందెలు కూడా ఈ గోపురము క్రింద ఉన్నవని మాత్రము మనవి చేయుచున్నాను. ఈసారి కమిటీవారు ఆవరణమంతయు రాయి పరవక, పూడ్చిన బావి చోటనే వాననీటి గుంత త్రవ్వించినారు. నా మనసునకు కొంత ఊరట కలిగినది.

2007 ఏప్రిల్‌లో మన పురపాలక సంఘము గ్రేటర్ హైదరాబాదులో కలిసినది. 2024 మార్చిలో ఘటకేసర్ నుండి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలైనవి. అభివృద్ధి సంతోషదాయకమే. కాని ఒక కుటుంబమున్న చోట పది కుటుంబములు వచ్చినవి, పలకరింపులు మాత్రము పదింతలు కాలేదు. గత సంవత్సరము ఒక అపార్టుమెంటులో సత్యనారాయణ వ్రతము చేయించి, ఎదుటి తలుపు వారికి ప్రసాదము పంపుడంటిని. అక్కడ ఎవరుంటారో తెలియదన్నారు. ఆ తలుపు వెనుక ఉన్నది ఆనాడు ఈ గుడికి ఇటుకలు మోసిన వృద్ధుడు. మోకాళ్ళు సహకరించక రెండేండ్లుగా మెట్లు దిగలేదు. ఆ యజమానియే స్వయముగా ప్రసాదము తీసికొని వెళ్ళినారు. ఈ ఉదయము ఆ పెద్దాయనను కుర్చీలో కూర్చుండబెట్టి మోసికొని వచ్చినవారిలో ఆ యజమాని కుమారుడున్నాడు.

నిన్న మీరందరు అష్టబంధనము చూచినారు. లక్క, గుగ్గిలము, తేనెమైనము, వెన్న మొదలగు ఎనిమిది ద్రవ్యములు. వేటికవి ఉన్నంతవరకు దేనికీ బంధించు శక్తి లేదు. గంటల కొలది దంచగా దంచగా ఒక ముద్దయై, మూర్తిని పీఠమునకు కదలకుండ పట్టును. అదియు శాశ్వతము కాదు. పన్నెండేండ్లకొకసారి సరిచూచుకొని మరల వేయవలెనని సంప్రదాయము. రాతికే అది అవసరమైనప్పుడు, నానా ప్రాంతముల నుండి వచ్చి చేరిన మనుష్యులకు అవసరము లేదా?

తటాకము, వనము, అగ్రహారము, ఆలయము సప్తసంతానములలోనివని మన పెద్దలు చెప్పినారు. వీనిలో ఆలయమును మీరు నిలిపినారు. చెరువులో చెత్త వేయకుండుట, గుమ్మము ముందొక చెట్టు పెంచుట, ఎదుటి తలుపు తట్టుట మిగిలియున్నవి. వీనికి చందా పుస్తకము అక్కరలేదు. ఈ రోజు మీరు తీసికొనిపోవు ప్రసాదములో ఒక పొట్లము మీకు పరిచయము లేని పొరుగింటికి ఇవ్వవలెనని నా ప్రార్థన. అదియే ఈ పేటకు మనము వేయు అష్టబంధనము.

దాతలకు, శిల్పులకు, కూలిపని చేసిన తల్లులకు, తండ్రులకు స్వామి ఆయురారోగ్య ఐశ్వర్యములను ప్రసాదించుగాక.

శుభం భూయాత్. స్వస్తి.