పాత బండి అమ్ముతున్నారా?

సి.బెళగల్ చుట్టుపక్కల ఎవరింట్లోనైనా నాన్నగారి కాలంనాటి ఫియట్ పద్మినో, జీపో ఉందా? మోజుపడి కొనేవాళ్లున్నారు. బ్రోకరు లేకుండా మీరే అమ్ముకోవచ్చు. కానీ తాళాలిచ్చేస్తే అమ్మినట్టు కాదు. ఆర్‌సీలో పేరు మారాలి.

ఎందుకంటారా? 2018లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కారు కేసొచ్చింది. ఆ కారు చాలా చేతులు మారింది. ఆర్‌సీలో మాత్రం మొదటి ఓనరు పేరే ఉంది. ప్రమాదం జరిగితే, పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. డబ్బు తీసుకుని ఏనాడో మరిచిపోయిన బండికి!

అందుకే ఫారం 29, ఫారం 30 నింపి, సంతకాలు చేసి, రవాణా శాఖకు తెలియజేయండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. మనవైపు అలా పెట్టడం ఒక పాడు అలవాటు. కొనేవాళ్లది తుంగభద్ర అవతల గద్వాలో, రాయచూరో అయితే, అది వేరే రాష్ట్రం కాబట్టి ఎన్‌ఓసీ కూడా కావాలి.

బేరానికి ముందే కిరసనాయిలు గుడ్డతో తుప్పు తుడిచి, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూడండి. పదిహేనేళ్లు దాటిన బండైతే ఆర్‌సీ రెన్యూవల్ అయిందో లేదో చూడండి.

బండి అప్పగించిన తేదీ, టైము రాసి కొన్నవారి సంతకం, ఆధార్ జిరాక్సు తీసుకోండి. ఆర్‌సీలో కొత్త పేరు కనపడేదాకా ఆ కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి.