పాత కారులో టైమింగ్ చైన్

కారు ఇంజన్‌కు ఒక పక్క, అల్యూమినియం మూత వెనక, ఆయిల్‌లో తడుస్తూ తిరిగే గొలుసే టైమింగ్ చైన్. కింద ఉండే క్రాంక్ షాఫ్టునూ, పైన సిలిండర్ హెడ్‌లో ఉండే క్యామ్ షాఫ్టునూ కలిపేది ఇదే. క్రాంకుకు తగిలించిన పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే, క్యాము వాల్వులను తెరిచి మూస్తుంటుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి క్యాము సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. అందుకే క్యాము మీది పళ్ల చక్రానికి క్రాంకు చక్రం కంటే రెట్టింపు పళ్లుంటాయి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అంత వేగంలోనూ లెక్క తప్పకుండా చూడాల్సిన బాధ్యత గొలుసుదే.

మారుతి 800లో, తొలి శాంట్రోలో ఈ పని రబ్బరు బెల్టు చేసేది. బెల్టుకు మార్పిడి గడువు ఉంటుంది కాబట్టి యజమానులు ఆ ఖర్చుకు ముందే సిద్ధపడేవారు. తర్వాత వచ్చిన మారుతి కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లలో చైన్ వచ్చింది. స్విఫ్ట్, డిజైర్లతో పాటు ఫియట్, టాటా కార్లలోనూ వాడిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్‌లోనూ ఉన్నది చైనే. చైన్‌కు సాధారణంగా గడువు పెట్టరు. దాంతో చైన్ ఇంజన్‌కు అసలు ఆ ఖర్చే ఉండదన్న నమ్మకం సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పాతుకుపోయింది. అది సగమే నిజం. ఆయిల్ వేళకు మార్చిన ఇంజన్‌లో చైన్ చివరిదాకా మన్నవచ్చు. ఆయిల్ విషయంలో అశ్రద్ధ చేస్తే మధ్యలోనే చెయ్యిస్తుంది. మారుతి 2020 ఏప్రిల్‌కల్లా డీజిల్ కార్ల తయారీ ఆపేసింది. అంటే ఇవాళ అమ్మకానికి వచ్చే ప్రతి డీజిల్ స్విఫ్టూ అంతకంటే పాతదే. కొనేముందు దాని చైన్ సంగతి చూసి తీరాలి.

చైన్ పొడవు పెరిగేది ఇనుము సాగడం వల్ల కాదు. ఒక్కో లింకును పక్క లింకుతో కలిపే పిన్ను, దాని చుట్టూ ఉండే బుష్షు అరుగుతాయి. ఒక్క లింకు దగ్గర అరుగుదల కంటికి కనిపించనంత తక్కువే అయినా, అన్ని లింకులదీ కలిస్తే సైకిల్ చైన్ వేలాడినట్టు గొలుసు వదులవుతుంది. డీజిల్ ఇంజన్‌లో మసి ఆయిల్‌లో కలిసి పిన్నులను ఆకురాయిలా అరగదీస్తుంది కాబట్టి అక్కడ పాత ఆయిల్ ప్రమాదం ఇంకా ఎక్కువ. వదులును పట్టి ఉంచేది టెన్షనర్. చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషరే దాని పిస్టన్‌ను బయటికి నెట్టి, వంపు తిరిగిన ప్లాస్టిక్ గైడును గొలుసుకు అదిమి పెడుతుంది. ఆయిల్ చిక్కబడి జిడ్డుగా పేరుకుంటే టెన్షనర్‌కు వెళ్లే సన్నని దారి మూసుకుపోతుంది. చైన్ అరగడమూ, దాన్ని పట్టి ఉంచేది బలహీనపడటమూ ఒకే కారణంతో ఒకేసారి జరుగుతాయన్నమాట.

వదులు మరీ ఎక్కువైతే గొలుసు ఒక పన్ను దాటుతుంది. క్రాంకు చక్రానికి 20 పళ్లున్నాయనుకుంటే, ఒక్క పన్ను దాటితే క్రాంకు కొలతలో 18 డిగ్రీల తేడా. అంత తేడాతో ఇంజన్ స్టార్ట్ కావచ్చు గానీ పికప్ ఉండదు, మైలేజీ పడిపోతుంది. ఇంకో రెండు పళ్లు దాటినా, గొలుసు తెగినా, ఇప్పటి ఇంజన్లలో చాలావాటిలో పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వుకు గుద్దుకుంటుంది. వాల్వులు వంగుతాయి, హెడ్డు దించాల్సి వస్తుంది.

చైన్ పరిస్థితి బయటపడేది చల్లని ఇంజన్‌లో. రాత్రంతా ఆగిన కారులో టెన్షనర్‌లోని ఆయిల్ కిందికి జారి ఉంటుంది. తెల్లవారి సెల్ఫ్ కొట్టగానే, ప్రెషర్ అందేదాకా గొలుసును గట్టిగా పట్టేవాడు ఉండడు. చైన్ బాగుంటే ఆ కాసేపట్లో చెప్పుకోదగ్గ చప్పుడేమీ వినపడదు. అరిగితే చైన్ మూత వైపు నుంచి రెండు మూడు సెకన్లు గలగలమని లోహపు మోత వచ్చి ఆగిపోతుంది. వేడెక్కాక కూడా ఆ మోత ఆగకపోతే బండి నడపకపోవడమే మంచిది. కారు చూడటానికి వెళ్లినవారు ముందు బానెట్ ఎత్తి ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. అప్పటికే వేడిగా ఉంటే బేరం ఆపి, మరో రోజు పొద్దున్నే రావాలి. మీటరు చూపే కిలోమీటర్ల కంటే ఆ మొదటి స్టార్టు నమ్మదగిన సాక్ష్యం.

అయితే చైన్ మూత వైపు నుంచి వచ్చే ప్రతి చప్పుడూ చైన్‌ది కాదు. ఆల్టర్నేటర్ బెల్టు, దాని పుల్లీలు, వాటర్ పంపు, ట్యాపెట్లు కూడా మోత చేస్తాయి. బయటి బెల్టు తీసి ఇంజన్‌ను కొన్ని సెకన్లు మాత్రం నడిపితే, పుల్లీల చప్పుడైతే పోతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను చైన్ మూత మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటే మోత ఎక్కడ బలంగా ఉందో తెలుస్తుంది. తిరిగే బెల్టుకు బట్టలు, చేతులు దూరంగా ఉండాలి.

తర్వాత స్కానర్. క్రాంకు సెన్సరు, క్యాము సెన్సరు చెప్పే స్థానాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు పి0016 అనే కోడ్ పడుతుంది. కోడ్ పడగానే చైన్ కిట్ కొనేయడం తొందరపాటు. సెన్సరు చెడినా, వైరు తెగినా, క్యాము టైమింగ్‌ను మార్చే సోలినాయిడ్ ఇరుక్కున్నా, ఆఖరికి ఆయిల్ తక్కువైనా అదే కోడ్ రావచ్చు. రెండు సెన్సర్ల సిగ్నళ్లను ఆసిలోస్కోపు మీద ఒకదాని కింద ఒకటి పెట్టి, అదే మోడల్ మంచి ఇంజన్ బొమ్మతో పోల్చడం అంతకంటే నికరమైన పరీక్ష. టెన్షనర్‌ను విప్పి, పిస్టన్ ఎంత బయటికి వచ్చిందో చూస్తే అరుగుదల నేరుగా తెలుస్తుంది. కాకపోతే టెన్షనర్ బయట ఉండగా ఇంజన్‌ను కదపకూడదు. సంపులో గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే గైడు విరిగిందని అర్థం. ఆ ముక్కలు స్ట్రైనర్‌ను మూసేస్తే ఇంజన్‌కంతటికీ ఆయిల్ అందదు. కాబట్టి సంపు దించి కడగడం తప్పదు. పన్ను దాటిన అనుమానం ఉంటే చైన్‌కు డబ్బు పెట్టకముందే కంప్రెషన్ చూడాలి. వాల్వులు వంగి ఉంటే లెక్కే మారిపోతుంది.

రిపేరులో అన్నిటికంటే పెద్ద పొదుపు పొరపాటు చైన్ ఒక్కటే మార్చడం. అరిగిన పళ్ల మీద కొత్త గొలుసు తొందరగా పాడవుతుంది. చైన్, చక్రాలు, గైడులు, టెన్షనర్, క్రాంక్ సీలు కలిపి వేయాలి. ఒకసారే వాడాలని కంపెనీ చెప్పిన బోల్టులను తిరిగి వాడకూడదు. మూత దాకా చేరడానికే కారు ముందు టైరు, ఇంజన్ మౌంటు, క్రాంక్ పుల్లీ విప్పాలి. ఖర్చులో ఎక్కువ భాగం కూలీయే అయినప్పుడు పాత గైడును మిగుల్చుకోవడంలో లాభం లేదు.

పాత గొలుసు తీయకముందే మొదటి పిస్టన్‌ను పై స్థానానికి తెచ్చి, క్రాంకునూ క్యామునూ ఆ ఇంజన్‌కు చేసిన లాకింగ్ పిన్నులతో బిగించాలి. వైట్ పెయింటు గుర్తులతో సరిపెట్టడం డీజిల్‌లో సాహసం. కొత్త గొలుసులో రంగు లింకులుంటాయి. వాటిని చక్రాల మీది గుర్తులకు ఎదురుగా కూర్చోబెట్టి, చివర టెన్షనర్‌ను అణచి ఉంచిన పిన్ను లాగాలి. తర్వాత లాకింగ్ పిన్నులు తీసేసి, స్పానర్‌తో క్రాంకును ఇంజన్ తిరిగే దిక్కులోనే నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకూడదు. వాల్వు పిస్టన్‌ను తాకుతోందేమో చూడాలి. రెండు చుట్ల తర్వాత చక్రాల గుర్తులు సరిపోతాయి, లాకింగ్ పిన్నులు మళ్లీ దూరతాయి. రంగు లింకులు మాత్రం గుర్తుల దగ్గర ఉండవు. అది తప్పు కాదు. అవి మళ్లీ కలవాలంటే క్రాంకు ఇంకా ఎన్నో చుట్లు తిరగాలి. ఇది తెలియక సరిగ్గా వేసిన గొలుసును మళ్లీ విప్పడం కొత్త మెకానిక్‌లు చేసే పొరపాటు.

మూతకు పూసే సీలెంటు పలచగా ఉండాలి. లోపలికి పొంగిన ముద్దలు ఊడి స్ట్రైనర్‌కు చేరతాయి. కొత్త ఫిల్టరు వేసి, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ పోశాక, ఇంధనం అందకుండా చేసి కాసేపు సెల్ఫ్ తిప్పితే టెన్షనర్‌కు ఆయిల్ చేరుతుంది. ఆ తర్వాతే ఇంజన్ స్టార్ట్ చేయాలి. లోపల జిడ్డు పేరుకున్న ఇంజనైతే ఈ మొదటి ఆయిల్‌ను మామూలు గడువు దాకా ఉంచకుండా, ఫిల్టరుతో సహా ముందే మార్చేయాలి.