గడ్డపు ఐరిసు పెంపకము



కాశ్మీరదేశమున వసంతకాలమునందు గోరీలపై తెల్లగను, ఊదారంగుతోను పూచు ఐరిసు అను పువ్వును చూచినవారు మరువజాలరు. మూడు రేకులు పైకి నిక్కియుండును. మూడు క్రిందికి వ్రాలియుండును. వ్రాలిన రేకులపై సన్నని నూగు బారు తీరియుండుటచే దీనికి గడ్డపు ఐరిసు అని పేరు వచ్చినది. కాడ రెండు మూరలదాక ఎదుగును.

నేను శ్రీనగరమున నా కుమారుని యింట ఉన్న యేండ్లలో దీనిని పెంచితిని. ఎవరును నీరు పోయని, ఎరువు వేయని గోరీలపై ఇది యేల వర్ధిల్లుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానమే దీని సేద్యరహస్యము. ఆ దిబ్బలపై నీరు నిలువదు. ఎండ నేరుగా తగులును.

పసుపుకొమ్మును మనము మట్టితో కప్పుదుము. దీని దుంప చూచుటకు అట్టిదే యైనను పూర్తిగా కప్పరాదు. చిన్న గట్టు వేసి, దుంపను దానిపై పరుండబెట్టి, వేళ్లను ఇరుప్రక్కల మట్టిలోనికి దింపి, వీపు సూర్యునికి కనబడునట్లు నాటవలెను. మొక్కకు మొక్కకు మూరెడు ఎడముండవలెను. పచ్చిపేడ వేసినను, నీరు నిలిచినను దుంప మెత్తబడి దుర్గంధముతో కుళ్లును. అట్టిచో గట్టి కండ కనబడువరకు కత్తితో చెక్కి, ఎండలో ఆరబెట్టినచో మిగిలినది దక్కవచ్చును.

ఒకసారి పూచిన దుంప మరల పూయదు. దాని ప్రక్కపిల్లలే పూచును. కావున మూడు నాలుగేండ్లకొకసారి, పూత ముగిసిన పిమ్మట త్రవ్వి, ముదురు దుంపను పారవేసి పిల్లలను నాటవలెను.

కాశ్మీరయాత్ర చేయు మనవారు ముచ్చటపడి ఈ దుంపలను తెచ్చి మన మైదానములలో నాటుట వ్యర్థము. శీతకాలపు గట్టి చలి తగిలినగాని ఇది చక్కగా పూయదు; మన వానకారు తేమకు కుళ్లును. అతిసేవయు, పరస్థలమును దీనికి సమానశత్రువులు. దానిని దాని నేలపైననే చూచి ఆనందింపుడు.