మన ఫేటియాకు పేరుంది, ఊరుంది

(సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా గుత్తి ప్రాంతంలోని ఒక తాండాలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా రాసి పెడుతున్నాం.)



 భూమి పట్టాల గురించి, రిజర్వేషన్ గురించి నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పినారు. నేను వేరే విషయం ఎత్తుకుంటాను. మన పెట్టెల్లో ఉన్న పాత బట్టల గురించి, పాత వెండి గురించి. అవి ఇప్పుడు ఫోన్లలో అమ్ముడుపోతున్నాయి. ఎవరు అమ్ముతున్నారు, ఎట్లా అమ్ముతున్నారు, దాంట్లో మనమెక్కడ ఉన్నాం అనేదే నా మాట.

ఇక్కడున్న పిల్లలకు ఒక పని చెప్తా. ఫోన్ తీసి ఎట్సీలోనో, ఈబేలోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఇంగ్లీషులో ‘వింటేజ్ బంజారా’ అని కొట్టి చూడండి. మన ఫేటియా కనపడతాది. కాంచళి కనపడతాది. నెత్తిన బిందె పెట్టుకునేటప్పుడు వెనక వేలాడే గవ్వల గుడ్డ కనపడతాది. ఫేటియా నడుము పట్టీని కోసి చేసిన సంచి, కుట్టు ముక్కను అతికించిన దిండు గలీబు కూడా కనపడతాయి. ధర డాలర్లలో ఉంటాది. కింద ఏం రాస్తారు? ‘ట్రైబల్’, ‘జిప్సీ’, ‘ఇండియా’. అంతే. ఏ జిల్లా, ఏ తాండా, ఎవరు కుట్టినారు, ఏమీ ఉండదు.

ఆ గుడ్డ అక్కడిదాకా ఎట్లా పోయింది? మీ అందరికీ తెలిసిన దారే. ‘పాత సామాన్లు కొంటాం’ అంటూ మోటారు సైకిల్ మీద ఒకాయన వస్తాడు. వెండిని తూకం మీద తీసుకుంటాడు. గుడ్డనైతే తూకం కూడా వేయడు. ఒక స్టీలు గిన్నె ఇస్తాడు, లేకపోతే కొత్త చీర ఇస్తాడు. ఆయన టౌనులో ఇంకొకరికి ఇస్తాడు. అక్కడి నుంచి పెద్ద ఊరి వ్యాపారికి పోతాది. ఆయన ఉతికి, ఇస్త్రీ చేసి, మంచి వెలుతురులో ఫోటో తీసి పెడతాడు. ప్రతి చేతిలోనూ ధర పెరుగుతాది. మొదటి చెయ్యికి మాత్రం గిన్నె దక్కుతాది.

ఇది మనకు కొత్త కథ కాదు. తొలకరి వానలు పడితే వజ్రకరూరు చేలల్లో జనం వంగి వంగి వెతుకుతారు కదా? రాయి దొరికినవానికి ఒక ధర, దాన్ని సాన పట్టించి అమ్మినవానికి ఒక ధర. రాయి విలువేమిటో దొరికినవానికి తెలియదు, కొనేవానికి తెలుసు. బేరమంతా ఆ తేడా మీదనే నడుస్తాది. మన పెట్టెల కాడ జరిగేదీ అదే.

యాడీ, నేను అమ్మినవాళ్లను తప్పు పట్టడం లేదు. ఈ గడ్డ మీద వాన సంగతి మనకు ఒకరు చెప్పాల్నా? వేరుశనగ ఎండిపోయి, బోరులో నీళ్లు పోయి, షావుకారు వాకిట్లో కూర్చుంటే హాంస్లీ తీసి ఇవ్వకుండా ఏ తల్లి ఉంటాది? మన నగ ముందు నుంచీ రెండు పనులు చేసింది. మంచి ఏడాది ఒంటి మీద అందంగా ఉండేది, కరువు ఏడాది ఇంటికి బ్యాంకు అయ్యేది. అమ్మడం తప్పు కాదు. ఏం అమ్ముతున్నామో తెలియకుండా అమ్మాల్సి రావడమే అన్యాయం.

మనం ఎవరం? ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లం. సైన్యాలకు తిండి మోసినవాళ్లం. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు, బొంబాయి నుంచి వచ్చిన రైలు రాయచూరు దగ్గర కలిసినాయి. ఆ లైను మన గుత్తి, గుంతకల్లు మీదుగానే పోతాది. రైలు వచ్చినాక ఎద్దుల బిడారుకు పనేముంది? సరిగ్గా అదే 1871లో తెల్లవాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేసినారు. తిరిగే జాతులను పుట్టుకతోనే దొంగలని పుస్తకంలో రాసుకున్నారు. మన గురించి సర్కారు రాసిన కాగితం అట్లాంటిది. మన గురించి మనం రాసుకున్నది ఎక్కడుంది? మనకు లిపి లేదంటారు. పాటలో ఉంది, ఈ గుడ్డలో ఉంది. గవ్వ ఎందుకు కుట్టినారు? ఒకప్పుడు గవ్వే డబ్బు. రూపాయి ఎందుకు హారమైంది? తిరిగేవానికి ఇల్లు లేదు, పెట్టె లేదు, మెడే భద్రమైన చోటు. పెళ్లయిన ఆడది జడల్లో పెట్టుకునే ఘూగ్రీ-టోప్లీ చూస్తే ఆమె సంగతి అడగకుండానే తెలుస్తాది. ఇవన్నీ తెలిసినవాళ్లకు అది పుస్తకం. తెలియనివాళ్లకు రంగురంగుల గుడ్డ.

ఇప్పుడు ఇంకో మాట. ఈ పాత వస్తువుల బజారులో మన గుడ్డలు మాత్రమే లేవు. పాత అంగళ్ల ముందర కొట్టి ఉండే ఎనామిల్ రేకు బోర్డులు గుర్తున్నాయా? బ్రూక్ బాండ్ టీ, లిప్టన్ టీ, బర్మా షెల్ కిరసనాయిలు బోర్డులు. అంగడి కూలగొట్టినప్పుడు పాత ఇనుముకు పోయేవి. ఇప్పుడు వాటిని వెతికి వెతికి కొనేవాళ్లున్నారు. పాత కంపెనీ క్యాలెండర్లకు, బిస్కెట్ డబ్బాలకు కూడా గిరాకీ ఉంది. తుప్పు పట్టిన రేకుకు అంత ధర ఎందుకు? దాని మీద పేరుంది కాబట్టి. కంపెనీ పేరు, భాష, ఒక్కోసారి తయారైన ఊరు. కొనేవాడు ఆ పేరును కొంటాడు.

మన ఫేటియాను తీసుకోండి. ఒక యాడీ ఏండ్ల తరబడి కూలి నుంచి వచ్చినాక దీపం కింద కుట్టింది. రేకు బోర్డు ఫ్యాక్టరీలో ఒకే అచ్చులో ఎన్నో తయారైంది. రేకుకు పేరు మిగిలింది, ఫేటియాకు పేరు పోయింది. పేరు తనంతట తాను పోలేదు. చేతులు మారేటప్పుడు ఎవరూ అడగలేదు, మనమూ చెప్పలేదు. వస్తువు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అనే చరిత్రకు సేకరించేవాళ్లు చాలా విలువిస్తారు. అంటే మన పేరుకు బజారులోనే ధర ఉంది. దాన్ని మనం ఊరికే పారేస్తున్నాం.

బజారు లెక్కలు కొంచెం చెప్తా, జాగ్రత్తగా వినండి.

మొదటిది వయసు. ఎట్సీ సైటులో ‘వింటేజ్’ అని పెట్టాలంటే వస్తువుకు 20 ఏళ్లు నిండితే చాలు. అంటే ఇక్కడ కూర్చున్న పెద్దమ్మ తన బిడ్డ పెళ్లికి కుట్టిన కాంచళి కూడా వింటేజే. ‘యాంటిక్’ అంటే మామూలుగా 100 ఏళ్లు. పాతదని నమ్మించడానికి కొత్త గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచేవాళ్లూ ఉన్నారు. పాత అద్దం బిళ్లకు ఒక గుర్తు ఉంది. ఊది చేసిన గాజు కాబట్టి కొంచెం ఉబ్బుగా ఉంటాది, చేత్తో కత్తిరించినందువల్ల అంచు సమానంగా ఉండదు.

రెండోది రూపాయల హారం. కొనేవాడు ‘అంతా ఒకటే వెండి’ అంటాడు. ఒకటి కాదు. 1939 దాకా వచ్చిన రూపాయి 11.66 గ్రాముల బరువు. అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. 1940 నుంచి 1945 దాకా వచ్చిన దాంట్లో సగమే వెండి. 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెల్. 20 పాత రూపాయల హారంలో అసలు వెండి దాదాపు 214 గ్రాములు. అదే 20 సగం వెండి రూపాయలైతే 117 గ్రాములు. తేడా 97 గ్రాములు! చదువుకున్న పిల్లలు రూపాయి వెనక ఏడాది చూసి చెప్పలేరా? ఇంకా ఉంది. 1911 రూపాయి మీద జార్జి రాజు అంగీపై ఉన్న ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవై, సర్కారు ఆ నాణేలను ఆపేసింది. 1939 రూపాయి చాలా అరుదు. ఇట్లాంటివి తూకానికి ఇచ్చేవి కావు. మన రూపాయలకు కొక్కెం అతికించి ఉంటాది కాబట్టి నాణేలు కూడబెట్టేవాళ్లు కొంచెం తక్కువ ఇస్తారు, నిజమే. అట్లని కొక్కెం ఊడగొట్టొద్దు, చింతపండుతో రుద్ది మెరిపించొద్దు. విడిగొడితే నాణెమూ చెడుతాది, హారమూ పోతాది.

మూడోది చట్టం. ఇది మన కుర్రాళ్లు బాగా వినాల. ఫోన్లో అమ్ముకుందామని కొందరు మొదలుపెట్టినారు, సంతోషమే. అయితే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన నాణెం గానీ, కళావస్తువు గానీ పురావస్తువు కిందికి వస్తాది. రాతప్రతులకైతే 75 ఏళ్లే. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాల. దేశం దాటించడానికి వీల్లేదు. పార్శిల్‌లో పంపి పట్టుబడితే 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా. వయసు మీద అనుమానం ఉంటే అది పురావస్తువు కాదని పురావస్తు సర్వే వాళ్ల నుంచి పత్రం తీసుకున్నాకే బయటి దేశానికి పంపాల. పాత బలియాలు ఏనుగు దంతంవైతే అసలు అమ్మకానికే పెట్టొద్దు, వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతాది. పొలం దున్నేటప్పుడు కుండలో నాణేలు దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నుంచి చట్టం ఉంది. పెద్ద వ్యాపారి వెనక వకీలు ఉంటాడు. మన పిల్లోని వెనక ఎవరున్నారు? అందుకే ముందే చెప్తున్నా.

మరి దారి ఏమిటి? మన సరిహద్దు దాటి బళ్లారి జిల్లా సండూరు చూడండి. అక్కడి లంబాణీ ఆడవాళ్లు పాత బట్టలు అమ్మడం మీద ఆధారపడలేదు. పాత కుట్లను దగ్గర పెట్టుకుని కొత్త వస్తువులు కుట్టి అమ్ముతున్నారు. వేలె, మాకి, రేలో, నాక్రా అంటూ కుట్టు కుట్టుకూ పేరు నిలబెట్టుకున్నారు. సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు పెట్టుకుని ఎవరు పడితే వాళ్లు అమ్ముకోలేరు. 2023 జులైలో హంపిలో జీ-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టినారు. వాళ్లకు చేతనైంది మన యాడీలకు చేతకాదా? అయితే ఒకటి చెప్పాల. రికార్డుతో కడుపు నిండదు. కుట్టిన చేతికి ఎంత కూలి పడింది అనేది అక్కడైనా, ఇక్కడైనా అడగాల్సిందే. సంఘం పెట్టుకున్నా అడగాల, ఎన్జీవో వచ్చినా అడగాల.

అన్నిటికన్నా ముందు, డబ్బు ఖర్చు కాని పనులు కొన్ని ఉన్నాయి. ఈ ఏడాదే మొదలుపెడదాం.

తాండాకు ఒక నోటు పుస్తకం పెట్టుకుందాం. ఇంటింటికీ పోయి, ఉన్న ప్రతి పాత ఫేటియాకు, కాంచళికి, నగకు ఫోటో తీద్దాం. కుట్టినామె పేరు, తాండా పేరు, ఏ పెళ్లికి కుట్టింది, ఏ కుట్టును ఏమంటారు, అన్నీ రాసుకుందాం. రాత తెలుగులోనే అయినా, మాట మాత్రం మన గోర్ బోలిలోనే ఉండాల. నగల సంగతి ఊరందరికీ తెలిస్తే దొంగల భయం ఉంటాది కాబట్టి ఆ పుస్తకం ఆడవాళ్ల సంఘం దగ్గరే ఉండాల, ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు.

అమ్మాల్సి వస్తే ఒంటరిగా అమ్మొద్దు. ఇద్దరు ముగ్గురు యాడీలు, చదువుకున్న ఒక పిల్ల దగ్గరుండాల. తూకం మన త్రాసులో కూడా వేయాల. ఆ రోజు వెండి ధర ఫోన్లో చూడాల. గుడ్డను ఇచ్చేటప్పుడు పేరు, తాండా రాసిన చీటీ కుట్టి ఇవ్వాల. కొనేవాడు చీటీ వద్దంటే ఎందుకు వద్దంటున్నాడో అడగండి.

ప్రతి తాండాలో కనీసం ఒక ఫేటియా, ఒక కాంచళి అమ్మకుండా దాచుకుందాం. వేపాకు వేసి, గుడ్డలో చుట్టి, ఎండ తగలని చోట పెట్టాల. రేపు ఒక పిల్ల కుట్టు నేర్చుకోవాలంటే చూసి నేర్చుకోవడానికి ఒకటి ఉండాల. ఇప్పుడు మన పిల్లలు తమ అవ్వ కుట్టును చూడాలంటే అమెరికా అంగడి ఫోటో చూసే గతి పట్టింది. పెద్ద పెద్ద మ్యూజియంలలో మన గుడ్డలను అద్దాల వెనక పెట్టినారు. పెట్టనీ. మన ఇంట్లో కూడా ఒకటి ఉండాల కదా!

1739లో ఈ గడ్డ మీదే పుట్టిన సేవాలాల్ పేరును మనం కాగితం మీద లేకపోయినా పాటలో నిలుపుకున్నాం. కుట్టిన తల్లుల పేర్లు కూడా నిలుపుకుందాం. భోజనాలు అయినాక ఆ వేపచెట్టు కింద పుస్తకం, పెన్ను పెట్టుకుని ఇద్దరు చెల్లెళ్లు కూర్చుంటారు. ఇంటికి పోయే ముందు ప్రతి యాడీ తన పేరు, తనకు కుట్టు నేర్పినామె పేరు చెప్పి రాయించి పోవాలని కోరుతున్నా.

జై సేవాలాల్!