మా చేను, మారిన వాన

(నగరిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి అయితే గంటసేపు మాట్లాడేవాడిని. సేద్యం గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. మనలో చాలామంది రైతుబిడ్డలే, ఊళ్ళో రెండు మూడెకరాలు ఉన్నవారే కనుక ఒప్పుకున్నాను.

మా నాన్నగారు ఆషాఢంలో పదునైతే వేరుశెనగ వేసేవారు. ఒంటిగా కాదు, మధ్యమధ్య కంది, అనప, అలసంద సాళ్ళు. శెనక్కాయ పోయినా కంది చేతికొచ్చేది. కాయకు ధర పలికిన రోజుల్లో ఆ సాళ్ళు తీసేసింది మేమే. ఆ తప్పు వానది కాదు.

ఇప్పుడు సరిగ్గా ఊడలు దిగే వేళ 20 రోజులు చినుకుండదు. నేల గట్టిపడి ఊడ లోపలికి పోదు. తర్వాత ఒకేసారి కుంభవృష్టి. 2015, 2021 నవంబరు వానలు మీకు జ్ఞాపకమే. చెరువులకు మంచివే, కుప్పవేసిన కాయకు కాదు.

"అన్నా, మామిడి పెట్టేద్దాం" అన్నాడు తమ్ముడు. తిరుపతి పరిశోధనా స్థానం వారి ధరణి రకం బెట్టకు తట్టుకుంటుంది, అది వేద్దామన్నాను. పీకను కూలీలెక్కడ అన్నాడు. జిల్లాలో ఎందరో చిన్నరైతులు ఇలాగే మామిడికి మారారు. ఉపాధి హామీ కింద గుంతలు తీయించడమూ కలిసొచ్చింది. వేరు లోతుకు పోతుంది, ఒక వాన తప్పితే చెట్టు చావదు. నిజమే. కానీ 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు గుజ్జు పరిశ్రమలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేటట్లు నిర్ణయించవలసి వచ్చింది. కొందరు చెట్లే కొట్టించేశారు. వేరుశెనగైతే మరుసటి ఏడు మార్చుకోవచ్చు, చెట్టును ఎలా మారుస్తాం?

చివరకు ఒక ఎకరం మామిడికిచ్చి, రెండెకరాల్లో పాత సాళ్ళే మళ్ళీ వేశాం. 2016లో మొదలైన ప్రకృతి సేద్యం కార్యక్రమం వారు వానకు ముందే పొడినేలలో నవధాన్యాలు చల్లమంటారు. చల్లాం. ఒక చోట మొలిచాయి, ఒక చోట చీమలు మోసుకుపోయాయి. మొలిచినచోట ఆవుకు మేతైంది, నేల పదును ఆరలేదు. మూడో బోరు మాత్రం వద్దన్నాను. నా గ్రాట్యుటీలో కొంత రెండో బోరులోంచి దుమ్ముగా లేచింది, కళ్ళారా చూశాను.

ఒక్క మనవి. మన భూములు చాలావరకు కౌలుదారుల చేతిలో ఉన్నాయి. ఏటేటా మనిషిని మారిస్తే అతడు గట్టు వేయడు, పేడ తోలడు. కనీసం మూడేళ్ళకు మాట ఇవ్వండి. వాన పూర్తిగా పోయిన ఏడు కౌలు ఎంత తీసుకోవాలో కూడా ముందే అనుకోండి. పిల్లలతో ఈ ఉగాదికే మాట్లాడితే మేలు. సెలవు.